ఐరన్ మాత్ర మానకుండా వేసుకుంటున్నా హిమోగ్లోబిన్ పెరగట్లేదు, ఇంకేం తినాలి?

నమస్తే అమ్మా. మీరు రాసినదాన్ని ఒకసారి క్లుప్తంగా చెప్పుకుందాం. ఇప్పుడు మీకు 24వ వారం. సొంతూరు హిందూపురం, ఉండేది బెంగళూరులో మారతహళ్ళి వైపు. గుడ్డు తింటారు, మాంసం తినరు. పదో వారంలో హిమోగ్లోబిన్ 10.4 ఉంటే ఇప్పుడు 9.6కి దిగింది. 14వ వారం నుంచి ఐరన్ మాత్ర ఒక్కరోజు కూడా మానలేదు. లేవగానే థైరాయిడ్ మాత్ర, రెండు గంటల తర్వాత టిఫిన్, దాని వెంటనే ఐరన్, ఆ వెంటనే ఫిల్టర్ కాఫీ. మధ్యాహ్నం భోజనంతో ఒక కాల్షియం, రాత్రి పాలతో ఇంకొకటి. ఇవి కాక రోజూ బీట్‌రూట్ జ్యూస్, ఒక దానిమ్మ, ఆరేడు ఖర్జూరాలు. రక్తం పట్టడానికి ఇంకేం తినాలన్నది మీ ప్రశ్న. ఇద్దరి తిండి తినాలనీ, బొప్పాయి లాంటివి వద్దనీ అమ్మగారు అంటున్నారనీ, డాక్టర్ రాసిన షుగర్ పరీక్షకు కడుపు ఖాళీగా వెళ్ళాలా అనీ కూడా అడిగారు.

కొత్తగా ఏదీ కలపక్కర్లేదు. ఐరన్ మాత్ర వేసుకునే వేళ మార్చండి, దాని చుట్టూ ఉన్న కాఫీని, పాలని, కాల్షియాన్ని దూరంగా జరపండి. నాలుగు వారాల తర్వాత మళ్ళీ రక్తం పరీక్ష చేయించండి. అప్పటికి కనీసం ఒక పాయింటు పెరగాలి, అంటే 10.6 దగ్గరికి రావాలి. రాకపోతే తప్పు మీ తిండిది కాకపోవచ్చు. అప్పుడు ఏం వెతకాలో కింద రాశాను.

ముందు ఒక ధైర్యం చెప్పాలి. గర్భంలో రక్తంలోని నీటి భాగం బాగా పెరుగుతుంది, ఎర్రకణాలు అంత వేగంగా పెరగవు. అందుకే ఐదారు నెలల్లో హిమోగ్లోబిన్ కొంత దిగడం మామూలే. కానీ 11 కన్నా తక్కువైతే గర్భిణికి రక్తహీనతే. 10 నుంచి 10.9 స్వల్పం, 7 నుంచి 9.9 మధ్యస్థం, 7 లోపు తీవ్రం. మీరు స్వల్పం నుంచి మధ్యస్థంలోకి వచ్చారు. కంగారు పడాల్సిన అంకె కాదు, వదిలేయాల్సిన అంకె కూడా కాదు. మొత్తం గర్భకాలంలో శరీరానికి అదనంగా కావలసిన ఐరన్ దాదాపు 1000 మి.గ్రా. అందులో ఎక్కువ భాగం ఇకమీదటి నెలల్లోనే కావాలి. కాన్పులో కొంత రక్తం పోవడం ఎలాగూ తప్పదు, అప్పటికి నిల్వ ఉండాలి.

ఇప్పుడు కాఫీ సంగతి. కాఫీ, టీలలో వగరునిచ్చే పదార్థాలు పేగులో ఐరన్‌ని పట్టుకుని రక్తంలోకి పోనివ్వవు. భోజనంతోపాటు ఒక కప్పు కాఫీ తాగితే ఆ భోజనంలోంచి అందే ఐరన్ సుమారు 40 శాతం తగ్గింది, టీ అయితే 60 శాతానికి పైగా తగ్గిందని కొలిచి చూశారు. చాలామందికి తెలియని ముక్క ఇంకొకటుంది. భోజనానికి గంట ముందు తాగిన కాఫీ అడ్డుపడలేదు. గంట తర్వాత తాగినది మాత్రం పక్కన పెట్టుకుని తాగినంతగానూ అడ్డుపడింది. అంటే టిఫిన్ అయ్యాక కాస్త ఆగి తాగుతున్నానులే అనుకుంటే కుదరదు. కాఫీ టిఫిన్‌కి గంట ముందైనా ఉండాలి, లేదా రెండు గంటల తర్వాతైనా ఉండాలి. రోజుకి కెఫీన్ మొత్తం 200 మి.గ్రా. దాటకూడదు. ఫిల్టర్ కాఫీ చిక్కదనం ఇంటింటికీ మారుతుంది కాబట్టి చిన్న గ్లాసుతో రెండుసార్లకు మించవద్దని చెబుతాం.

కాల్షియం, పాలు, పెరుగు కూడా ఐరన్‌కి పోటీయే. అన్నీ ఒకేసారి వేసుకుంటే మర్చిపోనని ఐరన్, కాల్షియం రెండూ రాత్రి పాలతో మింగేవాళ్ళు మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది. మీరు ఆ పని చేయట్లేదు, మంచిదే. కానీ టిఫిన్‌లో పెరుగు చట్నీయో, పాలు ఎక్కువ పోసిన కాఫీయో ఉంటే ఫలితం దాదాపు అదే.

మీ విషయంలో మూడో చిక్కు థైరాయిడ్ మాత్ర. ఐరన్, కాల్షియం రెండూ దాన్ని కూడా ఒంటికి పట్టనివ్వవు. థైరాయిడ్ మాత్రకూ ఈ రెండింటికీ మధ్య 4 గంటల ఎడం ఉండాలి. మీరు రెండు గంటలకే ఐరన్ వేస్తున్నారు. ఈ మధ్య టి.ఎస్.హెచ్. (థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే అంకె) పెరిగి డోసు పెంచి ఉంటే కారణం ఇదే కావచ్చు, డాక్టర్‌కి ఈ సంగతి చెప్పండి.

మీ ఆఫీసు వేళలకు సరిపోయేలా రోజుని ఇలా అమర్చుకోవచ్చు.

6:30కి లేవగానే మంచినీళ్ళతో థైరాయిడ్ మాత్ర. 7:30కి చిన్న గ్లాసు కాఫీ. 8:45కి టిఫిన్. 11 గంటలకు ఐరన్, మంచినీళ్ళతో. 1:15కి భోజనం, దాంతో మొదటి కాల్షియం. సాయంత్రం 5కి పాలు, లేదా రెండో కాఫీ, పక్కన గుగ్గిళ్ళో పల్లీలో. రాత్రి 8:30కి భోజనం, దాంతో రెండో కాల్షియం. కాల్షియం కార్బొనేట్ రకం భోజనంతోనే బాగా పడుతుంది. ఒకేసారి 500 మి.గ్రా. మించి వేసుకున్నా ఒళ్ళు పట్టదు కాబట్టే రెండు పూటలుగా ఇస్తారు.

11 గంటలకు ఫోన్‌లో అలారం పెట్టుకోండి, మాత్రల స్ట్రిప్ ఇంట్లో కాకుండా ఆఫీసు బ్యాగులో ఉంచండి. మీటింగులో ఉండి మర్చిపోతే రాత్రి పడుకునే ముందు, 10:45 ప్రాంతంలో వేసుకోవచ్చు. అప్పటికి భోజనం అయి రెండు గంటలు దాటుతుంది. ఆ రోజు పడుకునే ముందు పాలు వద్దు. ఖాళీ కడుపున ఐరన్ వేస్తే వికారంగా ఉందంటే ఒక జామకాయ ముక్కలు తిని వేసుకోండి. కాస్త తక్కువ పట్టినా పర్వాలేదు, మానేయడం కన్నా నయం. మాత్రతోపాటు నిమ్మరసం తప్పనిసరా అని అడుగుతుంటారు. మాత్రకు ఉత్త నీళ్ళు చాలు. నిమ్మకాయ అసలు పని తిండిలో ఉంది, దాని గురించి కింద చెబుతాను.

మాత్ర లేబుల్ ఒకసారి చూడండి. పైన పెద్దగా రాసిన అంకె కాదు, ‘ఎలిమెంటల్ ఐరన్’ ఎంత అన్నది ముఖ్యం. ఎండిన ఫెర్రస్ సల్ఫేట్ 200 మి.గ్రా. మాత్రలో అసలు ఐరన్ 65 మి.గ్రా. మాత్రమే. ఫ్యూమరేట్‌లో మూడోవంతు ఉంటుంది. గ్లూకోనేట్‌లో 12 శాతమే ఉంటుంది. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రక్తహీనత లేనివాళ్ళకు నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక ఇంకో 180 రోజులు. రక్తహీనత ఉంటే రోజుకి రెండు. మీది ఏ రకమో రాయలేదు. 9.6 ఉన్నప్పుడు 30 మి.గ్రా. ఉన్న మల్టీవిటమిన్ మాత్ర ఒక్కటే వేసుకుంటుంటే అది చాలదు. లేబుల్ ఫోటో తీసి డాక్టర్‌కి చూపించండి. డోసు మాత్రం మీ అంతట మీరు పెంచకండి. విరేచనం నల్లగా అవడం మామూలే. మలబద్ధకానికి మాత్ర ఆపడం కాదు, నీళ్ళు, ఆకుకూర, తొక్కతో జామకాయ పెంచండి. అప్పటికీ కుదరకపోతే ఇసబ్‌గోల్ అడగండి.

ఇక బీట్‌రూట్. రంగు ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందని మనవాళ్ళ నమ్మకం. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఐరన్ 1 మి.గ్రా. కూడా ఉండదు. దానిమ్మలో అంతకన్నా తక్కువ. ఆరేడు ఖర్జూరాల్లో రెండు మూడు మి.గ్రా. ఉంటే ఎక్కువ, దాంతోపాటు 30 గ్రాములకు పైగా చక్కెర వస్తుంది. బెల్లం కూడా అంతే. రెండు చెంచాల బెల్లంలో ఐరన్ ఒక మి.గ్రా. చుట్టుపక్కల, మిగతాదంతా చక్కెరే. మీకు రోజుకి కావలసింది 27 మి.గ్రా. శాకాహారంలోని ఐరన్‌లో ఒంటికి పట్టేది నూటికి ఐదు నుంచి పది పాళ్ళే. ఇవి విషమేం కాదు, దానిమ్మ హాయిగా తినండి. కానీ జ్యూస్ మానేయండి. అది తాగి రక్తం పడుతోందని ధీమాగా ఉండటమే అసలు నష్టం.

ఐరన్ నిజంగా ఎక్కడుందో చెబుతాను. 30 గ్రాముల ఉలవల్లో రెండు నుంచి రెండున్నర మి.గ్రా. ఉంటుంది. ఇక్కడ సంతలో హురళి కాళు అని అడగండి. మన ఇళ్ళలో ఉలవల్ని ఉడికించి కట్టు తీసి చారు కాచి, గింజల్ని పక్కన పడేయడమో పశువులకు పెట్టడమో అలవాటు. ఐరన్, మాంసకృత్తులు ఎక్కువ భాగం ఆ గింజలోనే ఉండిపోతాయి. చారు తాగండి, గింజలు కూడా పోపు పెట్టి గుగ్గిళ్ళుగా తినండి. పెసలు, శనగలు, అలసందలు, చలికాలంలో ఊరంతా దొరికే అవరెకాళు (అనపగింజలు), నువ్వులు, అన్నీ మంచివే. ఆకుకూరల్లో తోటకూర (ఇక్కడ దంటు సొప్పు), మునగాకు (నుగ్గె సొప్పు), మెంతికూర (మెంత్య సొప్పు) వారానికి నాలుగైదు సార్లు ఉండాలి. పాలకూరలో ఐరన్ ఉన్నా దాన్ని పట్టనివ్వని ఆక్సలేట్ ఎక్కువ, దాని మీదే ఆధారపడకండి.

ఇప్పుడు నిమ్మకాయ. పప్పులో, ఆకుకూరలో ఉన్న ఐరన్‌ని ఒంటికి పట్టించేది విటమిన్ సి. అది వేడికి పోతుంది. పప్పు కుక్కర్లో ఉండగా నిమ్మకాయ పిండితే రుచే మిగులుతుంది. గిన్నె దించి, కంచంలో వడ్డించుకున్నాక అర చెక్క పిండుకోండి. లేదా భోజనం చివర ఒక జామకాయ తినండి. నారింజ కన్నా జామకాయలో విటమిన్ సి చాలా ఎక్కువ, ధరా తక్కువ. ఉసిరికాయ దొరికే రోజుల్లో పచ్చిదే రెండు ముక్కలు ఉప్పద్దుకుని తినండి. టమాటా పప్పు, గోంగూర పప్పు లాంటి పుల్లటివి ఇనుప బాణలిలో వండితే బాణలిలోంచీ కొంత ఐరన్ దిగుతుంది. వండగానే వేరే గిన్నెలోకి తీసేయండి, లేకపోతే నల్లబడి చేదెక్కుతుంది.

రాగుల గురించి విడిగా చెప్పాలి. మీవైపు సంగటి, ఇక్కడ ముద్దె, రెండూ ఒకటే. రాగిలో కాల్షియం బాగా ఎక్కువ, 100 గ్రాముల్లో 340 మి.గ్రా. పైమాటే. ఐరన్ కూడా ఉంది. కానీ వగరు పదార్థాలు, గింజల్లో సహజంగా ఉండే ఫైటేట్లు దాన్ని కట్టేస్తాయి. మొలకెత్తిస్తే ఈ కట్టు కొంత వీడుతుంది. అర కిలో రాగులు నాలుగైదు నీళ్ళలో కడిగి రాళ్ళు తీసేయండి. రాత్రంతా నానబెట్టి, పొద్దున నీళ్ళు పూర్తిగా వంచి, తడి పంచె గుడ్డలో వదులుగా మూట కట్టండి. మధ్యలో రెండుసార్లు నీళ్ళు చిలకరించండి. ఒకటి, ఒకటిన్నర రోజులో తెల్లటి మొలక గింజంత పొడుగు వస్తుంది. అంతకన్నా పెరగనివ్వొద్దు. నీడలో గలగలమనేదాకా ఆరబెట్టి, సన్న మంట మీద కమ్మటి వాసన వచ్చేవరకు వేయించి పట్టించండి. బెంగళూరు వానల్లో సరిగ్గా ఆరకపోతే బూజు పడుతుంది, ముక్కవాసన వస్తే ఆ పిండి మొత్తం పారేయండి. కొన్న మాల్ట్ పొడి అయితే వెనక పదార్థాల వరుస చదవండి. మొదటి మూడింట్లో చక్కెర ఉంటే వద్దు. రాగిజావతో ఐరన్ మాత్ర మింగవద్దు, జావ సాయంత్రానికి ఉంచుకోండి.

ఇద్దరి తిండి మాటకి వద్దాం. అమ్మగారి ప్రేమ అర్థమవుతుంది, కానీ లెక్క వేరు. మీకు ఇప్పుడు అదనంగా కావలసింది రోజుకి సుమారు 350 కిలోకేలరీలే. ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, చిన్న గుప్పెడు పల్లీలు: అదనం అంటే అంతే. ఇంకో పళ్ళెం అన్నం కాదు. మామూలు బరువున్న మనిషి మొత్తం మీద 10 నుంచి 12 కిలోలు పెరిగితే చాలు. ముందే బరువు ఎక్కువగా ఉంటే ఇంకా తక్కువ.

అన్నం కన్నా లోటు పడేది మాంసకృత్తుల్లోనే. మామూలుగా 46 గ్రాములు కావాలి. ఇప్పుడు దానికి తొమ్మిదిన్నర కలపాలి. 28వ వారం దాటాక 22 కలపాలి, అంటే రోజుకి 68 దాకా వెళ్తుంది. సాంబారు పోసుకున్నాను కదా అంటారు. నీళ్ళ సాంబారు ఒక గిన్నెలో కందిపప్పు పది పన్నెండు గ్రాములు పడితే గొప్ప, అంటే మాంసకృత్తులు రెండున్నర గ్రాములు. ముద్దపప్పుగానో, గట్టి ఆకుకూర పప్పుగానో రోజుకి 60 గ్రాముల పప్పు (ఉడికించక ముందు తూకం) కడుపులోకి వెళితే 14 గ్రాములు వస్తాయి. రెండు గుడ్లకు 13, గ్లాసు పాలకు 8, పెద్ద కప్పు పెరుగుకి 7, పల్లీలకు 7, రోజంతా తినే బియ్యం, రాగి, గోధుమ కలిపి 17. మొత్తం 66. ఇలా తింటే ప్రొటీన్ పొడి డబ్బా కొనే అవసరం లేదు. పప్పు ఒక గుప్పెడు పెరిగితే మిగతా రెండూ వచ్చేస్తాయి.

మాంసం తినరు కాబట్టి బి12 ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రోజుకి 2.5 మైక్రోగ్రాములకు దగ్గరగా కావాలి. గ్లాసు పాలలో ఒకటి, గుడ్డులో అర ఉంటుంది. పాలు, పెరుగు, గుడ్డు మూడూ రోజూ లేకపోతే లోటు పడుతుంది. బి12 తక్కువైతే ఎంత ఐరన్ వేసినా హిమోగ్లోబిన్ కదలదు.

షుగర్ పరీక్ష 24 నుంచి 28 వారాల మధ్య చేయాలి. ఈ వారమే వెళ్ళండి. మన ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉన్న పద్ధతి చెన్నై డాక్టర్ వి. శేషయ్య గారు, ఆయనతో పనిచేసినవాళ్ళు ప్రచారంలోకి తెచ్చింది. తిన్నా తినకపోయినా ఫర్వాలేదు. 75 గ్రాముల గ్లూకోజ్ 300 మి.లీ. నీళ్ళలో కలిపి ఐదు పది నిమిషాల్లో తాగి, రెండు గంటలకు రక్తం ఇవ్వాలి. 140 లేదా అంతకు మించితే గర్భకాల మధుమేహం. తాగిన అరగంట లోపు వాంతి అయితే ఇంకోరోజు మళ్ళీ చేయాలి. కొన్ని ఆసుపత్రులు మూడుసార్లు రక్తం తీసే పద్ధతి పాటిస్తాయి, దానికి మాత్రం ఖాళీ కడుపుతో వెళ్ళాలి. అక్కడ హద్దులు పరగడుపున 92, గ్లూకోజ్ తాగిన గంటకి 180, రెండు గంటలకి 153. మీ చీటీలో ఏది రాశారో ల్యాబుకి ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి. పరీక్ష కోసమని రెండు రోజుల ముందు తీపి మానేయకండి. ఎప్పటిలాగే తినండి, లేకపోతే నిజం బయటపడదు.

అమ్మగారు వద్దంటున్నవాటిలో పచ్చి బొప్పాయి మానాల్సిందే, పాలు కారే కాయ గర్భాశయాన్ని కదిలించగలదు. బాగా పండిన బొప్పాయి కొద్దిగా తింటే తప్పులేదు. కుంకుమపువ్వుకి బిడ్డ రంగుతో సంబంధం లేదు. కొబ్బరినీళ్ళు తాగొచ్చు. కాళ్ళు వాస్తున్నాయని ఉప్పు మానకండి, అయోడిన్ ఉప్పే వాడండి. రోడ్డు పక్క పానీపూరి నీళ్ళు, కాచని పాలు, సగం ఉడికిన గుడ్డు వద్దు.

నాలుగు వారాల తర్వాత కూడా పెరగకపోతే ఇవి చూడాలి. గుండెల్లో మంటకు పాంటోప్రజోల్ లాంటివి రోజూ వాడుతున్నారా? అవి ఐరన్‌ని పట్టనివ్వవు. మొలల నుంచి రక్తం పోతోందా? రెండో త్రైమాసికంలో ఒకసారి ఇచ్చే అల్బెండజోల్ 400 మి.గ్రా. పురుగుల మాత్ర వేసుకున్నారా? ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వని చూపేది), బి12 పరీక్ష చేశారా? ఇంకొకటి, తలసీమియా ట్రెయిట్, అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే ఒక రక్త లోపపు స్వల్ప రూపం. దీన్ని మీ చేతిలో ఉన్న రిపోర్టులోనే అనుమానించవచ్చు. ఎం.సి.వి. (ఎర్రకణం సగటు పరిమాణం) అంకెని ఆర్.బి.సి. కౌంటు (ఎర్రకణాల సంఖ్య) అంకెతో భాగించండి. ఎం.సి.వి. 72, ఆర్.బి.సి. 3.9 అయితే 18 వస్తుంది, ఐరన్ లోపం వైపు చూపిస్తోంది. 68ని 5.6తో భాగిస్తే 12. ఇలా 13 లోపు వస్తే హెచ్.పి.ఎల్.సి. అనే, హిమోగ్లోబిన్ రకాలు చూసే రక్తపరీక్ష అడగాలి. ట్రెయిట్ అని తేలితే ఆలస్యం చేయకుండా మీవారికి కూడా ఆ పరీక్ష చేయించాలి. ఇద్దరికీ ఉంటే బిడ్డకు తీవ్రమైన రూపం రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఈ భాగహారం అనుమానానికే, నిర్ధారణకి కాదు.

28వ వారానికి కూడా హిమోగ్లోబిన్ పెరగకపోతే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ గురించి మీ డాక్టరే మాట్లాడతారు, భయపడకండి. ఏడు నెలలు దాటాక మాత్రల మీదే కూర్చుంటే టైము చాలదు. మెట్లెక్కితే ఆయాసం, కూర్చున్నా గుండె దడ, కళ్ళు తిరగడం ఉంటే నాలుగు వారాలు ఆగొద్దు, రేపే వెళ్ళండి. ఖర్చు ఇబ్బందైతే ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో తాయి కార్డు (కర్ణాటకలో గర్భిణులకు ఇచ్చే తల్లి కార్డు) చేయించుకుంటే ఐరన్, కాల్షియం మాత్రలు కూడా అక్కడే ఇస్తారు.

మీ రిపోర్టులోని ఎం.సి.వి., ఆర్.బి.సి. కౌంటు, మాత్ర లేబుల్ మీది ఎలిమెంటల్ ఐరన్ అంకె, ఈ మూడూ రాయండి. అవి చూస్తే నాలుగు వారాలు ఆగాలా, ముందే పరీక్షలు అడగాలా అన్నది ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.